ఫొటోషూట్‌కి వెళ్తున్నారా? నీళ్ల సీసా ఎవరి చేతిలో ఉంది?

తెల్లవారుజామున మూడింటికి అలారం. మూడున్నరకల్లా మేకప్ కుర్చీలో కూర్చోవాలి. అయిదింటికి బండెక్కాలి. ఆరు కొట్టకముందే మైపాడు ఇసుకలో నిలబడి, సముద్రంలోంచి పైకొస్తున్న సూర్యుణ్ని చూస్తూ హాయిగా నవ్వాలి. ఈ ఏడాది మీ ఇంట్లో పెళ్లి ఉంటే ఈ టైంటేబుల్ మీకు తెలిసే ఉంటుంది. బొటిక్ నడిపేవాళ్లకీ, మేకప్ నేర్చుకుంటున్న అమ్మాయిలకీ, చీరలు కట్టడమే వృత్తిగా ఎంచుకున్నవాళ్లకీ ఇది నెలలో నాలుగైదుసార్లు తప్పని దినచర్య.

మూడింటికే ఎందుకు లేవాలంటే మనది తూర్పు తీరం కాబట్టి. ‘సముద్రం మీద సూర్యాస్తమయం కావాలి’ అని అడిగే జంటలు ఇప్పటికీ ఉన్నారట! నెల్లూరు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే తప్ప అందులోకి దిగడు. కాబట్టి ఫొటోగ్రాఫర్ కోరుకునే మెత్తటి బంగారు వెలుగు పొద్దున్నే ఓ గంట, గంటన్నర. ఆ తర్వాత ఎండ ముఖం మీద సూటిగా పడుతుంది. కళ్ల కింద నీడలొస్తాయి. అక్కడితో ఆపేస్తే ఏ బాధా లేదు. కానీ ఆపరు. చీరలో కొన్ని, లెహంగాలో కొన్ని, గౌనులో కొన్ని, చివరికి జీన్స్‌లో సరదాగా కొన్ని... ఇలా నాలుగు జతలు మార్చేసరికి పదకొండవుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మా పిన్ని కూతురి పెళ్లికి ముందు జరిగిన షూట్‌కి నేనూ వెళ్లాను. నా పని చీరల సంచీ మొయ్యడం, రిఫ్లెక్టర్ పట్టుకోవడం. పదిన్నర దాటాక ఓ మనిషి ఇసుకలో కూలబడింది. అందరూ పెళ్లికూతురి వైపు పరుగెత్తారు. ఆమె నిక్షేపంగా నిలబడే ఉంది. కూలబడింది చీర కట్టడానికి వచ్చిన అమ్మాయి. ఇరవయ్యేళ్లుంటాయి. పొద్దున్నుంచీ పెళ్లికూతురికి గంటకోసారి కొబ్బరినీళ్లు, గొడుగు, చేతి ఫ్యాను అందుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి నీళ్లు తాగిందా అని అడిగినవాళ్లు లేరు. నీడలో పడుకోబెట్టి, ముఖం మీద నీళ్లు చల్లి, కాస్త తేరుకున్నాక అడిగితే ఆమె చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వెంటాడుతోంది. ‘రాత్రి నుంచే తాగలేదక్కా. తాగితే బాత్రూముకు ఎక్కడికి పోవాలా?’

దాహం కాదు సమస్య, మరుగుదొడ్డి

కొత్తకోడూరు, రామతీర్థం, కావలి దగ్గరి తుమ్మలపెంట... మన బీచ్‌ల అందమంతా వాటి ఏకాంతంలోనే ఉంది. సరుగుడు తోపులు, ఖాళీ ఇసుక, పడవలు. ఫొటోకి అంతకన్నా ఏం కావాలి? కానీ ఏకాంతం ఉన్నచోట మరుగుదొడ్డి ఉండదు. మగవాళ్లు తోపుల్లోకి వెళ్లొస్తారు. ఆడవాళ్లు ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తారు. పెళ్లికూతురికి అదనంగా ఇంకో కారణం ఉంటుంది: ముప్పై పిన్నులు పెట్టి కట్టిన చీర విప్పితే మళ్లీ ముప్పావుగంట.

ఇలా నీళ్లు మానేసి ఎండలోకి వెళ్లడం రెండువైపులా దెబ్బ. ఒళ్లు చల్లబడాలంటే చెమట పట్టాలి, చెమట పట్టాలంటే ఒంట్లో నీరుండాలి. తీరంలో మరో తిరకాసుంది. చెమట పట్టడమే కాదు, అది ఆరాలి. ఆరినప్పుడే ఒంట్లోని వేడిని వెంట తీసుకుపోతుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే కానీ తొందరగా ఆరదు. థర్మామీటర్ 35 డిగ్రీలే చూపిస్తున్నా శరీరానికి అంతకన్నా ఎక్కువ వేడిలో ఉన్నట్టే ఉంటుంది. ఎండాకాలంలో పొద్దున పూట నేల మీది నుంచి వేడిగాలి వీస్తుంది. సముద్రపు గాలి మళ్లేది ఎండ ముదిరాకే. ఒక్కోరోజు అది బాగా ఆలస్యమవుతుంది. సరిగ్గా మీరు మూడో జత మార్చుకుంటున్నప్పుడు ఆకు కూడా కదలదు.

ఇది మే నెల ముచ్చటే అనుకోకండి. 2015 మే నెల వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. అది అందరికీ గుర్తుంది. మనకు దగ్గర్లోని చెన్నై మెరీనా బీచ్‌లో 2024 అక్టోబరు 6న వైమానిక విన్యాసాలు చూడటానికి జనం పోటెత్తారు. ఎండ, రద్దీల మధ్య అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. చాలామంది సొమ్మసిల్లారు. అక్టోబరు ఎండాకాలం కాదు. కానీ అది తీరం. గొడుగూ, నీళ్లూ, నీడా లేకుండా గంటల తరబడి నిలబడితే ఏ నెలైనా ప్రమాదమే.

మరేం చేయాలి? షూట్ ఖర్చులో ఒక గది ఖర్చు కూడా కలపండి. దగ్గరి ఊళ్లో ఓ ఇల్లో, లాడ్జి గదో మధ్యాహ్నం దాకా మాట్లాడుకోండి. డ్రోన్ షాట్ ఒకటి తగ్గించుకున్నా ఆ డబ్బు వచ్చేస్తుంది. ‘గంటన్నరకోసారి అందరం అక్కడికి వెళ్లొస్తాం’ అని ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి. అందరూ అంటే అసిస్టెంట్లు, డ్రైవర్, చీర కట్టే అమ్మాయి సహా. గది దొరకని చోటికి వెళ్తుంటే బట్టలు మార్చుకునే మడత టెంటు ఒకటి కొనుక్కోవచ్చు. ఆడవాళ్లు నిలబడే మూత్రం పోసుకోవడానికి వీలుగా వాడిపారేసే గరాటులు మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మొదట్లో మొహమాటంగా ఉంటుంది, నిజమే. మూత్రంలో మంట పుట్టి వారం రోజులు యాంటీబయాటిక్ మింగడంతో పోలిస్తే ఆ మొహమాటం ఏపాటిది?

మూత్రం గంటలకొద్దీ ఆపుకొంటే, పైగా నీళ్లు తాగకపోతే మూత్రనాళంలో బ్యాక్టీరియా పెరగడానికి అవకాశం దొరుకుతుంది. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి ఉంటే డాక్టరును కలవండి. జ్వరం, వణుకు, నడుము పక్కల నొప్పి కూడా తోడైతే ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు. అప్పుడు ఒక్క పూట కూడా ఆగొద్దు.

నెలసరి మాటా ఇక్కడే చెప్పుకోవాలి. షూట్ తేదీకి అడ్డం వస్తుందని మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని వాయిదా వేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ మాత్రల్లో ఎక్కువగా ఉండేది నోర్‌ఎథిస్టిరాన్. అందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. రక్తం గడ్డకట్టే సమస్య మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకు గానీ ఉన్నా, ఒక పక్కకే వచ్చే మైగ్రేన్ తలనొప్పి ఉన్నా, పొగ తాగే అలవాటున్నా డాక్టరుకు చెప్పకుండా వేసుకోకూడదు. ఫొటోగ్రాఫర్‌ని అడిగి తేదీ నాలుగు రోజులు జరపడమే అన్నిటికన్నా తేలిక.

స్ట్రా పెట్టుకోండి, లిప్‌స్టిక్ చెడదు

నీళ్లు తాగితే పెదవుల రంగు పోతుందన్నది మేకప్ వేసేవాళ్ల ఫిర్యాదు. దానికి విరుగుడు వాళ్ల దగ్గరే ఉంది. స్ట్రా! షూట్‌కి బయల్దేరే ముందు ఒకటిన్నర గ్లాసు, ఎండలో ఉన్నంతసేపు ప్రతి ఇరవై నిమిషాలకీ కొన్ని గుక్కలు. దాహం వేసేదాకా ఆగకండి. రెండు గంటలు దాటుతుంటే ఓఆర్‌ఎస్ కలుపుకోండి. పెద్ద ప్యాకెట్టును లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్టు అరచేతి అంచనాతో గ్లాసులో కలపడం సరికాదు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. పల్చటి మజ్జిగ, ఉప్పు వేసిన గంజి మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నవే. ‘ఎనర్జీ డ్రింక్’ అని రాసున్న డబ్బాల్లో కెఫీన్, చక్కెర ఎక్కువ, వాటిని నీళ్లకు బదులుగా అనుకోవద్దు. బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడే పెద్దవాళ్లు కూడా షూట్‌కి వస్తుంటే వాళ్లకు ఎంత నీరు, ఎంత ఉప్పు అన్నది డాక్టరును అడిగి ఉంచుకోండి.

ఎవరైనా తలనొప్పి, వికారం, కాళ్లలో కండరాలు పట్టేయడం, తల తిరగడం అంటే వాళ్లకు ఆ రోజు పని అయిపోయిందనే లెక్క. నీడకు తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, కాళ్లు ఎత్తుగా పెట్టి, కొద్దికొద్దిగా తాగించండి. ‘ఈ ఒక్క ఫ్రేమ్ అయ్యాక’ అనే మాట ఇక్కడ పనికిరాదు.

మాట తడబడుతున్నా, తికమకగా ప్రవర్తిస్తున్నా, స్పృహ తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్, అంటే 104 ఫారన్‌హీట్ దాటి ఉంటుంది. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదేమో అనుకోకండి. చెమట పడుతున్నా అయి ఉండొచ్చు. 108కి ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకూడదు. ఒంటి మీద నీళ్లు పోసి విసరండి. చంకల్లో, గజ్జల్లో, మెడకు రెండు పక్కలా మంచుముక్కలు చుట్టిన బట్ట పెట్టండి. జాకెట్టు పిన్నులు తీసేంత తీరిక లేకపోతే కత్తెరతో కోసేయండి. అద్దె లెహంగా అని వెనకాడొద్దు. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు.

ఇక బట్టల ఎంపిక. అద్దెకు తెచ్చే లెహంగాలు కొన్ని అయిదారు కిలోలు తూగుతాయి. లోపల గట్టి నెట్టు, దాని కింద లైనింగు, పైన పాలిస్టరు. గాలి చొరబడదు. ఆ జత కావాలంటే మొట్టమొదట, సూర్యుడు లేచేటప్పుడే తీసేసుకోండి. ఎండెక్కాక నూలు కట్టండి. మనకు పక్కనే వెంకటగిరి ఉంది. అంత పల్చటి నేత, జమ్దానీ బుటాలు, భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న చీర. సముద్రపు గాలికి అది ఎగిరినంత అందంగా పాలిస్టరు గౌను ఎగురుతుందా చెప్పండి!

పిన్నులు నోట్లో పెట్టుకోవద్దమ్మా

చీర కట్టేవాళ్లను గమనించండి. రెండు చేతులూ కుచ్చిళ్లలో ఉంటాయి. పిన్నులు పళ్ల మధ్య ఉంటాయి. మాట్లాడతారు, నవ్వుతారు, దగ్గుతారు కూడా. ఒక్క దగ్గుకు ఆ పిన్ను గొంతులోకో, శ్వాసనాళంలోకో జారితే బ్రాంకోస్కోపీ దాకా వెళ్లాలి. మణికట్టుకు కట్టుకునే అయస్కాంతపు పట్టీ ఒకటి కొనుక్కుంటే ఈ ముప్పు ఉండదు. టైలరింగ్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. కరకాయంత చిన్న స్పాంజి ముక్క రబ్బరుబ్యాండుతో కట్టుకున్నా పనవుతుంది.

ఇంకో సంగతి. ఇవాళ ఒకరి భుజంలో గుచ్చుకుని రక్తం వచ్చిన పిన్ను తుడిచి డబ్బాలో వేస్తారు. రేపు అదే ఇంకొకరికి గుచ్చుకుంటుంది. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. రక్తం తగిలిన పిన్నును మూతున్న సీసాలో వేసి పారేయండి, పది రూపాయల మాట! ఈ వృత్తిలో ఉన్నవాళ్లు హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయించుకోవాలి. తుప్పు పట్టిన పిన్నుతో లోతుగా గుచ్చుకుని, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని అయిదేళ్లు దాటి ఉంటే డాక్టరును అడగండి.

కుచ్చిళ్లు జారకూడదని లంగా బొందు బిగించి కట్టడం షూట్‌లో మామూలే. ఒక్కరోజుకి నడుము మీద ఎర్రటి గాడి పడి పోతుంది. రోజూ చీరలో పనిచేసే వాళ్లకు మాత్రం ఇది చిన్న విషయం కాదు. ఏళ్ల తరబడి నడుము కట్టు ఒరుసుకున్నచోట మానని పుండు పడి, అది చర్మ క్యాన్సర్‌గా మారిన ఇద్దరు భారతీయ మహిళల ఉదంతాలను ‘బీఎంజే కేస్ రిపోర్ట్స్’ వైద్య పత్రిక 2024లో ప్రచురించింది. చాలా అరుదు, కంగారు పడక్కర్లేదు. నడుము మీద గాడి నల్లబడి పొలుసులు లేస్తున్నా, పుండు నెలకు మించి మానకపోయినా చూపించుకోండి. బొందుకు బదులు వెడల్పాటి పట్టీ ఉన్న షేప్‌వేర్ లంగా వేసుకుంటే బరువు ఒక్క గీత మీద పడదు.

కళ్లు, ముఖం

రంగు కాంటాక్ట్ లెన్సులు వేసుకోమని ఎవరైనా సలహా ఇచ్చారా? 2024 జూలైలో హిందీ టీవీ నటి జాస్మిన్ భాసిన్ ఢిల్లీలో ఓ కార్యక్రమానికి లెన్సులు పెట్టుకుని వెళ్లారు. కళ్లు మండటం మొదలైంది. ఒప్పుకొన్న పని కదా అని, నల్లద్దాలు పెట్టుకుని కార్యక్రమం పూర్తిచేశారు. ఆ తర్వాత చూపు కనబడనంత నొప్పి. కార్నియా దెబ్బతిన్నదని డాక్టర్లు తేల్చారు. ఆమె స్వయంగా బయటకు చెప్పుకొన్నారు కాబట్టి తెలిసింది. ‘ఒప్పుకొన్న పని కదా’ అని ఊరుకున్న మిగతావాళ్ల సంగతి మనకు తెలియదు.

బీచ్‌లో లెన్సులంటే ఇసుక, ఉప్పునీళ్ల తుంపర, గాలి, ఆపైన హెయిర్ స్ప్రే. లెన్సు వెనక ఒక్క ఇసుక రేణువు చేరినా కంటి నల్లగుడ్డు మీద గీత పడుతుంది. ఆ గీతలోంచి సూక్ష్మజీవులు చొరబడతాయి. పవర్ లేని లెన్సైనా కళ్ల డాక్టరు కొలతలు తీసి ఇవ్వాల్సిందే. మరొకరు వాడింది పెట్టుకోకూడదు. కుళాయి నీళ్లతోనో, ఉమ్మితోనో తడపకూడదు. మేకప్ కంటే ముందు పెట్టుకుని, మేకప్ తుడిచే ముందు తీసేయాలి. ఎరుపు, నొప్పి, వెలుగు చూడలేకపోవడం ఉంటే వెంటనే తీసి అదేరోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. మందుల షాపులో స్టిరాయిడ్ చుక్కలు అడిగి వేసుకోవద్దు. నా మట్టుకు నాకు మన నల్ల కళ్లకు కాటుకే చాలుననిపిస్తుంది.

మేకప్ బ్రష్‌ల విషయంలో మొహమాటం లేకుండా అడగండి. ‘నిన్న ఎవరికి వాడారు? కడిగారా?’ మస్కారా, కాటుక పెన్సిలు మీవి మీరే తీసుకెళ్లండి. మస్కారా తెరిచి మూడు నెలలు దాటితే పారేయాలి. కొత్త ఫౌండేషనైనా, కనురెప్పలు అంటించే జిగురైనా రెండు రోజుల ముందు చెవి వెనకో, మోచేతి మడతలోనో కొద్దిగా రాసి చూడాలి. నల్ల మెహందీ అసలొద్దు. గోరింటాకు సహజంగా ఎర్రగానే పండుతుంది. నల్లగా పండిందంటే అందులో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ కలిపి ఉండొచ్చు. బొబ్బలెక్కి మచ్చ మిగలొచ్చు. పైగా ఒకసారి పడకపోతే జీవితమంతా జుట్టుకు రంగు వేసుకోలేని అలర్జీగా మారొచ్చు.

సన్‌స్క్రీన్ రాస్తే ఫొటోలో ముఖం తెల్లగా పాలిపోయినట్టు వస్తుందని కొందరు మేకప్ వేసేవాళ్లు వద్దంటారు. జింక్, టైటానియం ఉన్న క్రీములకు ఫ్లాష్ పడితే అలా రావడం నిజమే. కానీ పట్టపగలు బీచ్‌లో ఫ్లాష్ పని చాలావరకు ఉండదు. మరీ భయమైతే ఆ రెండూ లేని రకం తీసుకోండి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవున తీసుకుని, మేకప్‌కి పావుగంట ముందు రాయాలి. గొడుగు నీడలో ఉన్నాం కదా అనుకుంటే, పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా అతినీలలోహిత కిరణాలను తిప్పికొడతాయి. ముఖానికి పట్టిన రిఫ్లెక్టర్ సంగతి చెప్పేదేముంది. చీర కట్టే అమ్మాయి మెడ వెనక భాగం, రిఫ్లెక్టర్ పట్టుకున్నవాళ్ల ముంజేతులు కూడా కాలతాయి. ట్యూబు వాళ్లకూ ఇవ్వండి.

షూట్‌కి నెల ముందు ‘మెరుపు’ కోసం పేరూ ఊరూ లేని క్రీములు రాయడం మరో జాడ్యం. కొన్నింటిలో స్టిరాయిడ్ ఉంటుంది. పది రోజులు ముఖం నిగనిగలాడుతుంది, ఆపగానే ఎర్రబడి, మొటిమలు లేచి, ఎండ తగిలితే మండుతుంది. పెళ్లినాటికి ముందున్న ముఖం కూడా మిగలదు. కొన్నింటిలో పాదరసం. కేరళలోని మలప్పురం జిల్లాలో ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లలో వరసగా కిడ్నీ జబ్బులు కనిపించడాన్ని డాక్టర్లు 2023లో గుర్తించారు. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని డబ్బా ఇంట్లో ఉంటే ఇప్పుడే తీసి చెత్తబుట్టలో వేయండి.

అద్దె నగలకు చెమట తగిలితే వాటిలోని నికెల్ చర్మంలోకి దిగి దురద, నీటిపొక్కులు వస్తాయి. పడనివాళ్లు నగల వెనకవైపు రంగులేని నెయిల్‌పాలిష్ రెండు పూతలు వేసుకుంటే ఆ పూటకు గడిచిపోతుంది. అద్దె జాకెట్ల కింద పల్చటి నూలు స్లిప్ వేసుకోండి. తామర అలా కూడా అంటుకుంటుంది. అంటుకుంటే నాలుగు మందులు కలిపిన ట్యూబు మాత్రం రాయకండి. అందులోని స్టిరాయిడ్ తామరను మొండిగా మారుస్తుంది.

అలకు వీపు చూపకండి

ఫొటోగ్రాఫర్‌కి కావలసిన భంగిమ ఏమిటి? మీరు సముద్రానికి వీపు పెట్టి అతని వైపు చూడాలి. అల ఎత్తు మీకు కనబడదు. అతనికి వ్యూఫైండర్‌లో మీ ముఖమే కనబడుతుంది. కాళ్ల కింద ఇసుకను అల లాగేస్తుంది, అయిదున్నర మీటర్ల చీర తడిసి కాళ్లకు చుట్టుకుంటుంది. గౌనైతే మరీ ఘోరం, నీళ్లు నింపుకొన్న సంచీ. మైపాడులో స్నానానికి దిగి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు మీరు ఎన్నోసార్లు చదివే ఉంటారు. వాళ్లు ఒంటిమీద ఏ బరువూ లేకుండా దిగినవాళ్లు. చీలమండలు దాటి లోపలికి వెళ్లొద్దు. పక్కన ఒకరు కెమెరా వైపు కాకుండా సముద్రం వైపే చూస్తూ నిలబడాలి. చీర కొంగు సర్దడం వాళ్ల పని కాదు, అల వస్తోందని అరవడమే వాళ్ల పని. చోటు ఎంచుకునేటప్పుడు ఊళ్లోని మత్స్యకారులను అడగండి. ఎక్కడ లోతు తటాలున మారుతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రంగు పొగ గొట్టాలు, కలర్ బాంబులు సినిమాల్లో బాగుంటాయి. హెయిర్ స్ప్రే కొట్టిన జుట్టు, నెట్టు గౌను, గాలి... ఈ మూడింటి పక్కన నిప్పురవ్వ ఊహించుకోండి. బెంగళూరులో 2025లో ఓ పెళ్లి ఫొటోషూట్‌లో కలర్ బాంబు వధువుకే తగిలి వీపు కాలింది. కాలితే ఇరవై నిమిషాలు మామూలు చల్లని నీళ్ల ధార కింద ఉంచాలి. టూత్‌పేస్టు, వెన్న, ఐసుముక్క ఏదీ వద్దు. స్టీమర్ ఆవిరి తగిలినా, జుట్టు సాపు చేసే ఇనుప రాడ్డు తగిలినా ఇదే వైద్యం.

ఏసీ వ్యాన్ మాట్లాడుకున్నారా? జనరేటర్ ఎక్కడుందో చూడండి. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే చనిపోయారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. దానికి రంగుండదు, వాసనుండదు. జనరేటరును బండికి దూరంగా, గాలివాలుకు అవతలగా పెట్టించి, కిటికీ ఒకటి తెరిచి ఉంచండి.

మోకాళ్ల మీద కూర్చునేవాళ్లు

1950ల నుంచి చాలాకాలం ముంబై సినీరంగంలో ఆడవాళ్లకు మేకప్ వేసే కార్డు ఇచ్చేవారు కాదు. జుట్టు దువ్వే పనే వాళ్లది. చారు ఖురానా అనే మేకప్ కళాకారిణి పోరాడితే 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆ వివక్ష చెల్లదని తీర్పు చెప్పింది. ఇవాళ మన జిల్లాల్లోనూ ఈ పనిలో ఎందరో అమ్మాయిలు కనిపిస్తున్నారు. పని దొరికింది కానీ పనిచేసే చోట నీడ ఇంకా దొరకలేదు.

ఇసుకలో ట్రంకుపెట్టె ఈడ్చడం, వంగి కుచ్చిళ్లు సర్దడం, గంటకు ఇరవైసార్లు కూర్చుని లేవడం. నడుము, మోకాళ్లు మొదట మొరాయిస్తాయి. వంగడానికి బదులు ఒక మోకాలు నేల మీద ఆనించి కూర్చోండి, కింద మడిచిన తువ్వాలు పెట్టుకోండి. ఒకే పెద్ద పెట్టెకు బదులు రెండు చిన్న సంచులు రెండు భుజాలకూ వేసుకోండి. రాత్రి మూడు గంటల నిద్రతో బండి నడుపుకుంటూ తిరిగి వెళ్లొద్దు. అసిస్టెంట్‌గా ఒప్పుకొనేటప్పుడే డబ్బుతోపాటు మూడు విషయాలు అడగండి: బాత్రూము ఎక్కడ, టిఫిను ఎన్నింటికి, నీడ ఉంటుందా. అడిగినందుకు పని పోతుందేమోనన్న భయం మీకుంటుంది. అందుకే పెళ్లివాళ్లు, మీరే ముందుగా చెప్పేయండి.

మా పిన్ని కూతురి ఆల్బమ్ వచ్చింది. నూట ఇరవై ఫొటోలు. ఒక దాంట్లో మాత్రం అంచున, కొంగు చివర, ఒక చెయ్యి కనిపిస్తుంది. మణికట్టుకు రబ్బరుబ్యాండు, దానికి గుచ్చిన నాలుగు పిన్నులు. దాన్ని చెరిపేయమంటారా అని స్టూడియోవాళ్లు అడిగితే మా పిన్ని కూతురు ఉండనివ్వమంది. పెళ్లిరోజు చీర కట్టడానికీ ఆ అమ్మాయినే పిలిచింది. ఈసారి రెండు లీటర్ల సీసా ఆమె సంచీలోనే పెట్టించింది.